నాలుగేళ్లు తగ్గితే లాభమా?

మొన్న ఆదివారం భోజనాలయ్యాక హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. తల నెరిసిపోతోందని పక్కింటి వదినగారు వాపోతూంటే, ఇంజనీరింగు చదువుతున్న మా అక్క కొడుకు ఠక్కున అన్నాడు కదా - "రాకెట్టు ఎక్కెయ్యండి అత్తయ్యగారూ! కాంతి వేగానికి దగ్గరగా పోతే వయసే రాదు. మీరు తిరిగొచ్చేసరికి మా పిన్ని ముసలిదైపోతుంది, మీరు మాత్రం పడుచుగా వుంటారు!"

వదినగారి మొహం వెలిగిపోయింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నన్ను ముసలిదాన్ని చేసినందుకు కాదు సుమండీ! ఆ మాట చెప్పే తీరే తప్పు. నేను చదివింది బి.ఏ. హిస్టరీయే. అయినా ఆ రాత్రి వాణ్ణి నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి లెక్క చెప్పించుకున్నాను.

సూర్యుడి తర్వాత మనకి దగ్గర్లో వున్న నక్షత్రం 4 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. లెక్క సులువుగా వుండటానికి సరిగ్గా 4 అనుకుందాం. కాంతి సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అందులో నూటికి 80 వంతుల వేగంతో వదినగారు అక్కడికి వెళ్లి, ఆగకుండా వెనక్కి వస్తే, మా ఇంటి కేలండర్ల మీద 10 సంవత్సరాలు గడుస్తాయి. ఆవిడ చేతి గడియారం మీద 6 సంవత్సరాలే. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం వచ్చే లెక్క ఇది. కట్టుకథ కాదు. 1971లో ఇద్దరు శాస్త్రజ్ఞులు అణు గడియారాలని మామూలు ప్రయాణీకుల విమానాల్లో పెట్టుకుని భూమి చుట్టూ తిప్పి చూశారు. సెకనుని కోటి ముక్కలు చేస్తే అందులో మూడు ముక్కలకి మించని తేడా. అయినా తేడా తేడాయే!

సరే, ఒప్పుకున్నాం. ఇప్పుడు మీరే న్యాయం చెప్పండి. 10 ఏళ్లు బతికిన నేను నష్టపోయానా? 6 ఏళ్లు బతికిన ఆవిడ లాభపడిందా?

రాకెట్టులో కాలం నెమ్మదిగా నడుస్తున్నట్టు ఆవిడకి తెలియనే తెలియదు. స్టవ్ మీద పెట్టిన అన్నం ఎప్పటిలాగే ఉడుకుతుంది. ఆరేళ్ల తిండి తింటుంది, ఆరేళ్ల నిద్ర పోతుంది. తల కూడా ఆరేళ్లకి ఎంత నెరవాలో అంతా నెరుస్తుంది. ఒక్క పూట కూడా అదనంగా దక్కదు. నేను పది సంక్రాంతులు చూస్తే ఆవిడకి దక్కేవి ఆరు. పైగా ఆ సిద్ధాంతమే చెబుతోంది - విడిపోయిన ఇద్దరు మళ్లీ కలుసుకునేలోపు, వేగమూ దారీ మార్చుకోకుండా వున్నవాళ్లకే ఎక్కువ కాలం గడుస్తుందట. వెనక్కి తిరిగింది ఆవిడ, నేను కాదు.

"భవిష్యత్తు చూడొచ్చు కదా పిన్నీ?" అన్నాడు మావాడు. చూడొచ్చురా, కాదనను. పది వారాల సీరియల్లో నాలుగు వారాలు వదిలేసి ముగింపు చదివినట్టు! ఆ నాలుగు వారాల్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో ఇంకొకళ్లు చెబితే వినాల్సిందే.

మన పురాణాల్లో ఇదంతా ఎప్పుడో వుందంటారు కొందరు. భాగవతంలో కకుద్మి మహారాజు, కూతురు రేవతికి వరుణ్ణి చెప్పమని బ్రహ్మలోకానికి వెళ్లి కాసేపు నిలబడేసరికి, భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. బ్రహ్మాండమైన కథ. కానీ అందులో వేగం లేదు, లెక్క లేదు. దాన్ని ఫిజిక్సు అనకండి. ఒకటి మాత్రం అందులో నిజం. రేవతి పడుచుగానే వుందని మనం మురిసిపోతాం. తిరిగొచ్చేసరికి ఆవిడ ఎరిగిన మనిషంటూ ఒక్కరు మిగల్లేదే! ఆ మాట ఎవరికీ పట్టదు.

ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చోవాలని నేనంటున్నాననుకునేరు! వెళ్లండి. చదువుకుని, నక్షత్రాల దాకా వెళ్లండి. కొత్త లోకం చూడటానికి వెళ్లండి గాని ముడతలు తప్పించుకోవటానికి కాదు. అమెరికాలో కెల్లీ అనే కవల సోదరుల్లో ఒకాయన 2015-16లో 340 రోజులు అంతరిక్ష కేంద్రంలో వున్నాడు. ఆయనకి తగ్గిన వయసు సెకనులో నూరో వంతు కూడా లేదు. అక్కడ వున్నన్నాళ్లూ ఎముకలూ కండరాలూ బలహీనపడకుండా రోజూ కసరత్తు చెయ్యాలి. అదండీ రాకెట్టు యవ్వనం!

అసలు జబ్బు ఫిజిక్సుది కాదు, మనది. ఆడదాని విషయంలో "ఎన్నేళ్లు బతికింది, ఏం చూసింది" అని ఎవరూ అడగరు. "ఎన్నేళ్లదానిలా కనిపిస్తోంది" అనే చూస్తారు. అందుకే నాలుగేళ్లు పోగొట్టుకుని వచ్చినా అదృష్టవంతురాలు అనిపిస్తుంది.

మర్నాడు పెరట్లో బట్టలారేస్తూ ఈ లెక్కంతా వదినగారికి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మా మనవడికి ఇప్పుడు మూడేళ్లు. నేనొచ్చేసరికి పదమూడన్న మాట. వాడి బడి చదువంతా నేను చూడకుండానే అయిపోతుందా?" అంది.

"చాలామటుకు అయిపోతుంది."

"అయితే నాకొద్దమ్మా ఆ రాకెట్టు" అని, తల మీద కొంగు సర్దుకోకుండానే లోపలికెళ్లిపోయింది.