ఎకో మోడ్‌లో ఎంతిస్తుంది?

కొత్త బండి కొనేవాళ్ళు షోరూంలో అడిగే ప్రశ్న ఈ నాలుగైదేళ్ళలో కాస్త మారింది. "ఎంతిస్తుంది?" అన్నది ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు దాని వెనకే "ఎకోలో ఎంత, స్పోర్ట్‌లో ఎంత?" అన్నది కూడా వస్తోంది. ఎకోలో పెట్టి నడిపితే లీటరుకు ఐదారు కిలోమీటర్లు ఎక్కువొస్తుందని సేల్స్ కుర్రాళ్ళు ధీమాగా చెబుతారు. కొన్నవాళ్ళు ఆ మాట నమ్మి బటన్‌ని ఎకో మీద పెట్టేసి, యాక్సిలరేటర్ మాత్రం పాత అలవాటుగానే తిప్పుతుంటారు. నెలాఖరుకి చూస్తే పెట్రోలు ఖర్చు అంతే ఉంటుంది. మోడ్ తనంతట తాను పెట్రోలు మిగల్చదన్నది నా వాదన. అది మిగిల్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అవేవో తెలియకుండా బటన్ నొక్కి లాభం లేదు.

ముందు మోడ్ మారిస్తే బండి లోపల ఏం మారుతుందో చూద్దాం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక మన బళ్ళలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఎంత పెట్రోలు చిమ్మాలో, స్పార్క్ ఏ క్షణాన ఇవ్వాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తోంది. కంప్యూటర్ ఉన్నాక దానికి రెండు మూడు రకాల లెక్కలు నేర్పడం పెద్ద పని కాదు. అందుకే ఒకప్పుడు ఖరీదైన పెద్ద బళ్ళకే పరిమితమైన మోడ్‌లు 125 సీసీ దాకా దిగొచ్చాయి. 2021లో వచ్చిన టీవీఎస్ రైడర్‌లో ఎకో, పవర్ అని రెండున్నాయి. 2025లో వచ్చిన హీరో గ్లామర్ ఎక్స్‌లో ఎకో, రోడ్, పవర్ అని మూడున్నాయి.

గ్లామర్ ఎక్స్ లాంటి బళ్ళలో యాక్సిలరేటర్‌కి, ఇంజన్‌కి మధ్య కేబుల్ ఉండదు. మన చెయ్యి ఎంత తిరిగిందో సెన్సర్ చెబుతుంది, గాలి లోపలికి వెళ్ళే థ్రాటిల్ రేకును చిన్న మోటారు తెరుస్తుంది. దీన్నే రైడ్ బై వైర్ అంటారు. ఎకోలో మనం చెయ్యి సగం తిప్పినా ఆ రేకు సగంకన్నా తక్కువే తెరుచుకునేలా చేయొచ్చు. దాంతో బండి మెత్తగా కదులుతుంది. అయితే యాభై మీద వెళ్ళాలంటే ఆ రేకు ఎంత తెరుచుకోవాలో అంతా తెరుచుకోవాల్సిందే. ఎకోలో చెయ్యి ఇంకాస్త ఎక్కువ తిప్పుతాం, అంతే. అదే గాలి, అదే పెట్రోలు, అదే వేగం.

కేబుల్ ఉన్న బళ్ళలో కంప్యూటర్ చేతిలో ఉన్నవి ఇంకా తక్కువ. స్పార్క్, పెట్రోలు, ఇంజన్ గరిష్ఠ వేగం ఈ మూడింటినే అది మార్చగలదు. స్పార్క్ ఆలస్యం చేసి బలం తగ్గిస్తే మాత్రం అదే పనికి ఇంకాస్త ఎక్కువ పెట్రోలు కాలుతుంది. బలం తగ్గిందంటే పెట్రోలు మిగిలిందనే అనుకోనక్కర్లేదు.

ఇక్కడ కొన్ని అంకెలు అవసరం. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 ఫోర్‌వీకి 2021లో మోడ్‌లు వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం స్పోర్ట్‌లో గరిష్ఠ శక్తి 17.55 పీఎస్, అర్బన్‌లోనూ రెయిన్‌లోనూ 15.64. తేడా రెండు పీఎస్ కూడా లేదు. మరి చదునైన రోడ్డు మీద, గాలి ఎదురు లేనప్పుడు, అలాంటి బండి ఒక మనిషితో గంటకు 60 కిలోమీటర్ల నిలకడ వేగంతో వెళ్ళడానికి ఎంత శక్తి కావాలి? సుమారుగా 3 పీఎస్. ఇంజన్ ఇవ్వగల పదిహేనో పదిహేడో అక్కడ వాడకంలోకే రావు. వాడనిదాన్ని కోస్తే మిగిలేదేమిటి?

వేగం అలా కాదు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళితే గాలిని తోసే బలం దాదాపు 1.8 రెట్లవుతుంది, కావలసిన శక్తి రెండింతలు దాటి 6 పీఎస్‌కి చేరుతుంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద స్పోర్ట్‌లో 60 మీద వెళ్ళేవాడికి ఎకోలో 85 మీద వెళ్ళేవాడికన్నా చాలా ఎక్కువ మైలేజీ వస్తుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఎకో అనగానే కిలోమీటర్లు పెరగడానికి అసలు కారణం కూడా ఇదే. అక్కడ ఎకో వేగానికే కళ్ళెం వేస్తుంది. పెట్రోలు బండిలో ఆ కళ్ళెం చాలాసార్లు ఉండదు.

మరి మోడ్ ఎక్కడ మిగులుస్తుంది? ఊళ్ళో, సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో వెళ్ళే బండి ఖర్చులో పెద్ద భాగం వేగం అందుకోవడానికే పోతుంది. అందుకున్న వేగమంతా తర్వాతి బ్రేకులో వేడిగా పోతుంది. 40 దాకా లాగి బ్రేకు వేస్తే పోయే శక్తికన్నా 60 దాకా లాగి బ్రేకు వేస్తే పోయేది 2.25 రెట్లు. పచ్చ దీపం పడగానే రేజ్ ఇచ్చి దూకి, వంద గజాల్లో బ్రేకు పట్టే చేతికి ఎకో మోడ్ నిజంగానే అడ్డుపడుతుంది. బండి మెల్లగా స్పందిస్తుంది కాబట్టి తర్వాతి సిగ్నల్‌కి చేరేసరికి వేగం తక్కువగానే ఉంటుంది. కొన్ని కంపెనీలు సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే ఏర్పాటు కూడా పెడుతున్నాయి. దాన్లో పొదుపు ఖాయం. కాబట్టి తొందర మనిషికి ఎకో మేలు చేస్తుంది. ముందే నిదానంగా నడిపే మనిషికి అది చేసేదేమీ లేదు.

టీవీఎస్ స్టార్ సిటీ మీటర్లో పచ్చ, కాషాయ దీపాలుండేవి, గుర్తుందా? చెయ్యి సున్నితంగా ఉంటే ఎకో, ఎక్కువ తిప్పితే పవర్ వెలిగేది. అది బండిని ఏమీ మార్చేది కాదు, మన చెయ్యి ఏం చేస్తోందో మనకే చూపించేది. పెట్రోలు పొదుపు విషయంలో ఈ మోడ్‌లకన్నా ఆ దీపమే మంచి గురువని నా నమ్మకం. ఇప్పుడు కొన్ని మీటర్లలో అప్పటికప్పటి మైలేజీ అంకె కనిపిస్తుంది. మోడ్ బటన్‌కన్నా దాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి.

ఘాట్ రోడ్డు సంగతి వేరే. తిరుపతి నుంచి తిరుమలకి ఎక్కే ఎత్తు సుమారు 800 మీటర్లు. బండి, ఇద్దరు మనుషులు కలిసి 285 కిలోలనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకి ఎత్తడానికే పావు లీటరు పైచిలుకు కావాలి. ఏ మోడ్‌లోనూ అది తగ్గదు. పైగా ఎకోలో లాగలేక చెయ్యి పూర్తిగా తిప్పి, కింది గేర్లో ఇంజన్‌ని అరిపిస్తూ ఎక్కితే ఖర్చు పెరగొచ్చు కూడా. వెనక మనిషి ఉన్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు పవర్‌కి మార్చుకోవడమే సరైన పని. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్ళకి ఒక మాట. ఇంజెక్షన్ బళ్ళలో గేర్లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే సాధారణంగా పెట్రోలు చిమ్మడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ తిరగడానికి పెట్రోలు కావాలి. పైగా బండిని ఇంజన్ పట్టి ఆపడం కూడా ఉండదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. దయచేసి అలా దిగకండి.

రెయిన్ మోడ్‌ని మైలేజీ కోసం ఎండలో వాడటం నాకు మింగుడుపడని మరో అలవాటు. అది తడి రోడ్డు కోసం. దాన్లో బలం మెత్తబడటమే కాదు, చాలా బళ్ళలో ఏబీఎస్ పనితీరు కూడా మారుతుంది. బ్రేకుల తీరుతో ఆడి పెట్రోలు ఆదా చేయాలనుకోవడం ప్రమాదం.

ఇదంతా ఎందుకంటే, ఈ లెక్క అందరికీ ఒకే బరువు కాదు. స్విగ్గీకో ర్యాపిడోకో బండి నడిపే కుర్రాడు పెట్రోలు తన జేబులోంచే పోసుకుంటాడు. రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం. లీటరుకు 45 వచ్చేచోట 50 వస్తే రోజుకు పావు లీటరు పైన మిగులుతుంది. లీటరు 107 రూపాయలనుకుంటే 26 రోజులకు అది 740 రూపాయల దాకా వస్తుంది. ఒక ఇంటికి నెలకి సరిపడే పాల ఖర్చులో అది మంచి వాటా. అలాంటివాడికి షోరూంలో చెప్పే "ఎకోలో ఎక్కువొస్తుంది" అన్న మాట చాలదు, అంకె కావాలి. ఎలక్ట్రిక్ స్కూటర్‌లో మోడ్ మార్చగానే మిగిలిన దూరం ఎంతో తెరమీద మారుతుంది. పెట్రోలు బండి కంపెనీలు మాత్రం మైలేజీ అంటే ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాయి. మోడ్ పేరుతో బండి అమ్ముకుంటున్నప్పుడు, ఒక్కో మోడ్‌కీ మైలేజీ కొలిచి బ్రోచర్లో అచ్చువేయాలి. ప్రభుత్వం దీన్ని తప్పనిసరి చేయాలి.

అంతవరకూ మనమే కొలుచుకోవాలి. పాత బళ్ళలో రిజర్వు నుంచి రిజర్వుకి లెక్కవేసేవాళ్ళం, ఇప్పుడు ఫుల్ ట్యాంకు పద్ధతి ఉంది. ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, ఒక వారం ఎకోలో నడిపి, మళ్ళీ అంతే మట్టానికి నింపి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. తర్వాతి వారం రెండో మోడ్‌లో నడపండి. అదే దారి, అదే బరువు, టైర్లలో అదే గాలి. పాత చీటీలతో మాత్రం పోల్చకండి. ఇప్పుడు పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, లీటరుకు ఆరేడు శాతం శక్తి తక్కువ. మోడ్ మార్చి సంపాదించింది అక్కడే పోయి ఉండొచ్చు. రెండు వారాల మైలేజీ మధ్య తేడా లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపే ఉంటే మీ చెయ్యి ఇప్పటికే నిదానంగా ఉన్నట్టు. అప్పుడు బటన్ స్పోర్ట్ మీద ఉన్నా మీకు నష్టం లేదు.