‘అక్క వచ్చాడు’

మా మనవడికి నాలుగున్నరేళ్ళప్పుడు ఒక సాయంత్రం, బడి ఆటో అనకాపల్లి గవరపాలెం సందులో ఆగగానే వాడు వీధి గుమ్మంలోకి పరిగెత్తి, చప్పట్లు కొడుతూ "అక్క వచ్చాడు!" అని అరిచాడు. అరుగు మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆర్నెల్లు గడిచాయి. మళ్ళీ అదే గుమ్మం, అదే ఆటో, అదే "అక్క వచ్చాడు". అరుగు మీదివాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి వాడు నవ్వలేదు. లోపలికి వెళ్ళి మంచం పక్కన నక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు వాడు గుమ్మంలోకి రాలేదు.

ఆ రెండో నవ్వు మీద కోపంతోనే ఇది రాస్తున్నాను.

ముప్పై రెండేళ్ళు తెలుగు పండిట్‌గా పనిచేశాను. వేల నోటుపుస్తకాలు ఎర్రసిరాతో దిద్దాను. అయినా నా ఇంట్లో పిల్లవాడికి వాక్యం కుదరడం లేదని గుర్తుపట్టడానికి నాకు ఏడాది పట్టింది. వాడికి చెవులు బాగా వినిపిస్తాయి, పరీక్ష చేయించాం. తెలివికి లోటు లేదు, బొమ్మ లారీని ఊడదీసి మళ్ళీ బిగిస్తాడు. మన కళ్ళలోకి చూసి నవ్వుతాడు, అలుగుతాడు, బుజ్జగిస్తాడు. ఒక మాటకి ఇంకో మాటని అతికించే చోట మాత్రం తడబడతాడు. "కుక్క అన్న కరిచింది" అంటాడు. ఆ చిన్న ‘ని’ లేకపోతే ఎవరు ఎవర్ని కరిచారో వినేవాడు ఊహించుకోవాలి. "నేను పడ్డాడు" అంటాడు. "నాన్న బండి ఎల్లు" అంటాడు. వెళ్ళాడా, వెళ్తాడా, వెళ్ళమంటున్నాడా?

దీనికి ఒక పేరుంది. డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్. వినికిడి లోపం, ఆటిజం, మేధోవైకల్యం వంటి కారణమేదీ కనిపించకుండా, పిల్లల ఎదుగుదలలో భాష వెనకబడి, దానంతటది సర్దుకోకుండా ఉండిపోయే స్థితి. డొరొతీ బిషప్, ఆమె సహచరులు వివిధ దేశాల నిపుణుల్ని సంప్రదించి 2016, 2017ల్లో ఈ పేరుని స్థిరపరిచారు. అంతకు ముందు 1997లోనే అమెరికాలో ఏడు వేలకు పైగా చిన్నపిల్లల్ని పరీక్షించి, నూటికి ఏడుగురికి పైగా ఈ ఇబ్బంది ఉందని లెక్క తేల్చారు. ముప్పై మంది ఉన్న గదిలో ఇద్దరన్నమాట. అనకాపల్లిలో ఏ నర్సరీ గదికైనా వెళ్ళండి. వెనక వరసలో మాట్లాడకుండా కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. వాళ్ళలో ఆ ఇద్దరు ఎవరో ఎవరైనా అడిగారా?

అడగరు. సలహాలు మాత్రం ఇస్తారు. "వస పోశారేటమ్మా?" అని ఒకరు. "మగపిల్లలకి మాట నిదానమే, ఆళ్ళ నాన్న అయిదేళ్ళకి గానీ మాటాడనేదు" అని ఇంకొకరు. వీటిని భరిస్తాను, వాటి వెనక ప్రేమ ఉంది. భరించలేనిది మూడోది: "తల్లి ఫోను చేతికిచ్చి వదిలేసుంటాది." నా కోడలు ఆ మాట విని రాత్రంతా ఏడ్చింది. ఈ ఇబ్బందిలో పుట్టుకతో వచ్చేది, కుటుంబంలో నడిచేది చాలా ఉందని కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకి తెర రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మంచి మాటే. కానీ ఫోను తీసేసినంత మాత్రాన ‘వచ్చాడు’ ‘వచ్చింది’ అయిపోదు. ఈ నేరాన్ని తల్లి నెత్తిన రుద్దడం ఆపండి.

ఇక మేం చేసిన ప్రయాణం. విశాఖలో ఒక థెరపీ సెంటర్‌కి వారానికి రెండుసార్లు తీసుకెళ్ళాం. అక్కడ వాడి చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. తెర మీద బొమ్మ, బొమ్మ కింద ఇంగ్లిష్ వాక్యం. కుర్రాడు ఆపిల్ తింటున్నాడు, అమ్మాయి పరిగెడుతోంది, అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఒకడు చేస్తే క్రియ చివర ‘స్’ పెట్టాలి, జరిగిపోయినదానికి ‘డ్’ పెట్టాలి, మధ్యలో ‘ఈజ్’ మరిచిపోకూడదు. ఇంట్లో కూడా తెలుగు ఆపేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడు అని సలహా.

నా రక్తం మరిగింది. వాడి అమ్మ తెలుగులో జోకొడుతుంది. వాడి తాత తెలుగులో కథ చెప్తాడు. వాడు పోట్లాడేది, అడుక్కునేది, కలవరించేది తెలుగులో. ఆ తెలుగు లాక్కుంటే వాడికి ఇంట్లో మాట్లాడుకోవడానికి మనిషి మిగలడు. శాస్త్రమైనా వాళ్ళ వైపు ఉందా అంటే అదీ లేదు. కెనడాలో జొహాన్ పారడిస్, మరికొందరు 2003లో ఇదే ఇబ్బంది ఉండి ఫ్రెంచీ ఇంగ్లిషూ రెండూ మాట్లాడే పిల్లల్ని, ఒకే భాష మాట్లాడే అలాంటి పిల్లలతో పోల్చి చూశారు. రెండు భాషల పిల్లలు వ్యాకరణంలో వాళ్ళకంటే వెనకబడి లేరు.

పైగా ఇంగ్లిష్ పిల్లవాడు తడబడే చోటు వేరు, తెలుగు పిల్లవాడు తడబడే చోటు వేరు. "అతను డాక్టర్" అంటే మనకి అది నిండు వాక్యం, ‘ఈజ్’కి అందులో చోటే లేదు. మన ముళ్ళు మనకున్నాయి. అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది, వాన వచ్చింది. మగవాడు ఒక్కడే వచ్చాడు. నలుగురయ్యేసరికి లెక్క తిరగబడుతుంది: ఆడామగా కలిసి ‘వచ్చారు’, కుక్కలూ బస్సులూ ‘వచ్చాయి’. ఆకలి వేసేది ‘నాకు’, తినేది ‘నేను’. నిన్ను కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేం’. ఇంగ్లిష్ ఒక్క ‘నో’తో గడిపేసే చోట మనకి లేదు, కాదు, వద్దు, మూడూ కావాలి. మూడేళ్ళ పిల్లలు వీటిని ఎవరూ నేర్పకుండానే గుంజుకుంటారు. మా వాడిలాంటి పిల్లలకి ఇవి ఒక్కొక్కటిగా, వందలసార్లు వినిపించి, అనిపించి, చేతికి అందించాలి. ఇన్నేళ్ళు ఈ భాష చెప్పుకుని బతికిన నాకు ఈ సంగతి మనవడి ముందు కూర్చున్నాకే అర్థమైంది. బడిలో మేం చెప్పే వ్యాకరణం సంధితో మొదలై ఛందస్సుతో ముగుస్తుంది. ‘వచ్చింది’ అన్న మాట అసలు ఎలా వస్తుందో అందులో లేదు.

నేను యంత్రానికి శత్రువుని కాను. వందోసారి కూడా అదే గొంతుతో, విసుక్కోకుండా "అక్క వచ్చింది" అనగలిగేది అదే. నేను పదకొండోసారికి గొంతు పెంచేశాను. వాడు ఆ గొంతుకి బెదిరాడు. 2011లో కెనడాలో కార్లా వాషింగ్టన్ బృందం ప్రచురించిన ప్రయత్నం చూడండి. బడి వయసు రాని పిల్లలు. కొందరికి కంప్యూటర్ తెర మీద బొమ్మలు పేర్చి వాక్యాలు కట్టించారు, కొందరికి బల్ల మీద బొమ్మలతో అదే పని చేయించారు. ఏ సాయమూ అందని పిల్లలకంటే ఈ రెండు గుంపులూ బాగుపడ్డాయి. రెంటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు చోట్లా పిల్లవాడి పక్కన ఒక మనిషి కూర్చుంది. పిల్లవాడు తప్పు అన్నప్పుడు తిట్టకుండా, సరైన వాక్యాన్ని వెంటనే తిరిగి అతనికి అందించింది.

ఆ మనిషిని తీసేసి యంత్రాన్ని మాత్రం అమ్మాలని చూసేవాళ్ళున్నారు. ఫాస్ట్ ఫర్‌వర్డ్ అనే కంప్యూటర్ పద్ధతి గురించి 1996లో గొప్ప పత్రికలో వ్యాసాలు వచ్చాయి, ఆశలు రేగాయి, వ్యాపారం సాగింది. 2008లో అమెరికాలో 216 మంది పిల్లలతో దాన్ని గట్టిగా పరీక్షించారు. అది మామూలు థెరపీకంటే ఎక్కువ మేలు చేయలేదు, మామూలు చదువు ఆటలకంటే కూడా చేయలేదు. ఇప్పుడు మన ఊళ్ళలో యాప్ పేరు చెప్పి నెలకింత అని వసూలు చేసేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. మా మేనల్లుడు పాత ల్యాప్‌టాప్‌లో మూడు గడులు గీశాడు. ఇంగ్లిష్ వరసలో గీస్తే మన వాక్యం ఇమడదు. అందుకే ఎవరు, ఎవర్ని, ఏం చేశారు అన్న మన వరసలో గీశాడు, క్రియ చివర. అక్క ఫోటో, తాత ఫోటో, వీధి కుక్క ఫోటో, ముసలమ్మ బండి మీది బెల్లం దిమ్మ ఫోటో. గొంతు నాది. మనవడు వేలితో అక్కని మొదటి గడిలో పెట్టగానే, చివరి గడిలో ‘వచ్చింది’ ఆకుపచ్చగా వెలుగుతుంది. తాతని పెడితే ‘వచ్చాడు’ నీలంగా వెలుగుతుంది. రోజుకి ఇరవై నిమిషాలు, పక్కన నేనో, కోడలో. రెండు నెలలకి వాడు మొదటిసారి నోటితో రంగు మార్చాడు. "అక్క వచ్చా... వచ్చింది." ‘ని’ దగ్గర ఇంకా ఓడిపోతున్నాం.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. మాట విని రాసే ఒక సాఫ్ట్‌వేర్‌ని మేనల్లుడు దానికి తగిలించి చూశాడు. మనవడు "నేదు" అంటే అది తప్పు చూపించింది. "ఏటి" అంటే దానికి అర్థం కాలేదు. మా వీధి మొత్తం "నేదు" అంటుంది! అది లోపం కాదు, ఉత్తరాంధ్ర. గురజాడ 1862లో పుట్టిన ఎస్.రాయవరం ఇప్పుడు మా జిల్లాలోనే ఉంది. జనం నోట్లో ఉన్న తెలుగే బడికి పనికొస్తుందని ఆయన 1914లో అసమ్మతి పత్రం రాసి మరీ పోట్లాడాడు. నూరేళ్ళు దాటాక ఒక యంత్రం వచ్చి మా పిల్లల నోటికి గ్రాంథికం గుడ్డ కుక్కుతానంటే ఒప్పుకోను. యాసకీ లోపానికీ తేడా తెలియని పరికరాన్ని పసిపిల్లల దగ్గరికి రానివ్వకూడదు.

ఇక ప్రభుత్వం వైపు తిరుగుతున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాల్ని గుర్తించింది. అందులో మాట, భాషల వైకల్యం ఉంది. కానీ నిర్వచనం చదవండి: స్వరపేటిక తీసేసినవాళ్ళు, మెదడు దెబ్బతిని మాట పోయినవాళ్ళు, అంటే శరీరంలోనో నాడుల్లోనో కారణం కనిపించేవాళ్ళు. కారణం కనిపించకపోవడమే మా వాడి స్థితి, కాబట్టి చట్టానికి వాడు కనిపించడు. అభ్యసన వైకల్యం కింద అడుగుదామంటే 2018 మార్గదర్శకాలు ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్ అన్నాయి. సాయం అందాల్సిన వయసు నాలుగు. ఆ నాలుగేళ్ళు ఏ నోటుపుస్తకంలో దిద్దుకోవాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ముప్పై సమస్యల జాబితాలో భాషా జాప్యాన్ని చేర్చింది. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూడాలంది. మంచిది. టిక్కు పెట్టాక ఆ పిల్లవాడి చేతికి వచ్చేదేమిటి? తెలుగులో ఏ గడులు, ఏ బొమ్మలు, ఏ గొంతు? 2022 డిసెంబరులో ఈ రాష్ట్రం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచగలిగింది. నాలుగేళ్ళ పిల్లలకి తెలుగు వాక్యం నేర్పే ఒక్క చిన్న ప్రోగ్రామ్ రాయించలేదా? అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్‌లో పిల్లవాడి ఎత్తూ బరువూ ఎక్కుతున్నాయి. వాడు ఎన్ని మాటలు కలిపి మాట్లాడుతున్నాడో అడిగే గడి అందులో నేను చూడలేదు.

ఈ పని కూడా అంగన్‌వాడీ టీచర్ల నెత్తిన ఊరికే పడేస్తామంటే మాత్రం ముందు అడ్డం నిలబడేది నేనే. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు వాళ్ళు జీతాల కోసం రోడ్డు మీద కూర్చున్నారు. శిక్షణ ఇవ్వండి, దానికి డబ్బివ్వండి, మండలానికి ఒక స్పీచ్ థెరపిస్ట్‌ని పెట్టండి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం వేదిక మీద శాలువాలు కప్పే ఖర్చు ఒక్క ఏడాది ఆపి, ఆ డబ్బుతో ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పిల్లల మాటలు రికార్డు చేయండి. ఆ రోజు ఎవరి పుట్టినరోజో ఆ గిడుగు సవరల మాట నేర్చుకుంటూ మలేరియాకి వేసుకున్న క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నాడు. ఆయన పేరు చెప్పుకునేవాళ్ళకి ఈ పని బరువు కాకూడదు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేచోటికి వెళ్తున్నాను. అర్జీతో పాటు మనవడి వాక్యాలు ఇరవై, వాడు అన్నవి అన్నట్టు రాసి జతచేశాను. చేతిలో ఎర్రపెన్ను ఉంది. ఒక్క అక్షరం దిద్దలేదు.