పక్షులున్న చెరువు రైతుకే లాభం

పక్షుల్ని చూడటమంటే పట్నంవాళ్ల సరదా అని, మెడలో దుర్భిణి వేలాడేవాళ్ల పని అని మన రైతుల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి చెరువు కింద ఎకరం, అరెకరం చేసుకునే చిన్న రైతే వాటి లెక్క ముందుగా చూసుకోవాలి. నాట్లు అయిపోయాక ఒక రోజు వీలు చేసుకొని నేలపట్టు నుంచి పులికాట్ దాకా తిరిగి వస్తే ఈ సంగతి తెలిసిపోతుంది.

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువును 1976లో పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే గూడబాతులు వచ్చి, నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాయిలు కూడా అక్కడే పిల్లల్ని లేపుతాయి. తెల్లవారి కట్ట మీద నిలబడితే గూడబాతులు మేతకు ఎగిరిపోవడం, పిల్లలకు చేపలు తేవడం కనబడుతుంది. మేతకు అవి పులికాట్ దాకా పోతాయి. అక్కడ తిన్న చేప ఇక్కడ రెట్టయి చెరువులో పడుతుంది. అందులో నత్రజని, భాస్వరం వుంటాయి. ఆ నీరే తూము దిగి మడికి పారుతుంది. యూరియా బస్తా అక్కర్లేదని చెప్పడం లేదు గానీ, పైసా ఖర్చు లేకుండా నేలకు ఎంతో కొంత బలం చేరుతున్నట్టే కదా!

కట్ట దిగి పొలాల్లోకి వస్తే, దుక్కి వెనకాలే తెల్లకొంగలు పురుగులు ఏరుకుంటుంటాయి. ఏట్రింత పిట్ట ఎగిరే పురుగును గాల్లోనే పట్టేస్తుంది. అది వాలేందుకు పైరులో అక్కడక్కడా కర్రలు పాతాలి. గింజ పాలు పోసుకునే వేళకు వాటిని పీకేయాలి, లేకుంటే గింజ తినే పిట్టలకు అవే ఆసరా అవుతాయి.

మధ్యాహ్నం బస్సెక్కి సూళ్లూరుపేటలో దిగితే కాళంగి ఒడ్డు. ఈ ఏరు పులికాట్‌లో కలుస్తుంది. ఏటి మంచినీరు ఉప్పునీటితో కలిసేచోట చేప, రొయ్య పెరుగుతాయి. శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి చూసే రాజహంసలైనా, నేలపట్టు గూడబాతులైనా ఆ సరస్సు మీదే ఆధారపడతాయి. గట్టు మీద పీతలకని చల్లిన విషగుళికలు పీతను తిన్న కొంగనూ చంపుతాయి. పొలంలో మిగిలిన మందు వాననీటితో ఏటిలోకి, ఏటి నుంచి సరస్సులోకి పోతుంది.

పక్షుల వల్ల నష్టమే లేదా? వుంది. నీటికోళ్లు, బాతులు నారుమడి తొక్కి పాడు చేస్తాయి. గూళ్లలో పిల్లలుండగా చెరువు ఎండితే పక్షులకు కష్టం, తూము మూస్తే పైరుకు కష్టం. ఈ చిక్కును రైతు ఒక్కడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఐదేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో ఫ్లెమింగో పండుగను మళ్లీ జరిపారు. సంతోషమే. కానీ పండుగ మూడు రోజులు, చెరువు ఏడాదంతా. పక్షులు వెళ్లిపోయాక ఎండాకాలంలో పూడిక తీసి, తూములు, కట్ట బాగు చేస్తే పైరుకూ పిల్లలకూ నీరు సరిపోయే వీలుంటుంది. పిల్లల కోసం నీరు ఆపి పైరు ఎండిన చోట పరిహారం ఇవ్వాలి.

ఇది అడిగే హక్కు మనకుంది. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు రెట్ట కలిసిన చెరువు నీటి విలువ తెలిసి, 1858లోనే కలెక్టరు చేత పక్షుల రక్షణకు ఉత్తర్వు రాయించుకున్నారు. వాళ్లను ఎవరూ ప్రేరేపించలేదు, తమ పొలం కోసమే అడిగారు. మన చెరువు కింది రైతులు కూడా ఒకచోట కూర్చుని, తూము ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో తీర్మానం రాసుకొని అధికారుల ముందు పెట్టాలి. పక్షి నోరు తెరిచి అడగలేదు. మనం అడగగలం.