ఉచితం అంటే ఖర్చు లేదని కాదు: ఉద్దానం సేవా సంఘాలకు ఏం దొరుకుతుంది, ఎలా దొరుకుతుంది?

పలాస: ఉద్దానంలో డయాలసిస్ ఉచితం. అయినా డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి ఉన్న ఇంటికి ఖర్చు తప్పడం లేదు. వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి ఆటో కట్టించుకోవాలి. తోడు వెళ్లినవాళ్ల కూలీ పోతుంది. నాలుగు గంటలు మిషన్ మీద ఉన్నాక ఏదో ఒకటి తినాలి. ఈ చిన్న ఖర్చులే ఇంటిని కుంగదీస్తాయి. వీటిని చూసేది సర్కారు కాదు, ఊళ్లోని చిన్న సంఘాలు, మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు. కానీ వాటి దగ్గర మాత్రం డబ్బు ఎక్కడుంది? అందుకే ఏ వస్తువు, ఏ సేవ ఉచితంగా లేదా తక్కువ ధరకు వస్తుందో తెలుసుకోవడం వాటికి దానధర్మం అడగడం కంటే ముఖ్యమైన పని అయింది.

సర్కారు ఇచ్చింది, మిగిలిపోయింది

కిడ్నీ వ్యాధి కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను ఏళ్ల తరబడి పీడిస్తోంది. కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. సర్కారు మాత్రం ఊరికే కూర్చోలేదు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లను పైపుల్లో తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం కూడా ఆ రోజే ప్రారంభమైంది. టెక్కలి, సోంపేట ఆసుపత్రుల్లోనూ డయాలసిస్ జరుగుతోంది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది.

ఇంత ఉన్నా మధ్యలో ఖాళీలు ఉన్నాయి. ఒక ఉదాహరణ చాలు. కిడ్నీ మార్పిడికి గానీ డయాలసిస్‌కు గానీ రైల్లో వెళ్లే రోగికి, అతనికి తోడుగా వెళ్లే ఒకరికి సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ మీద 75 శాతం రాయితీ ఉంది. పలాస హౌరా-చెన్నై ప్రధాన లైను మీద ఉన్న స్టేషన్. ఇక్కడి నుంచి విశాఖకు వైద్యం కోసం వెళ్లేవాళ్లు ఎందరో. రాయితీ కావాలంటే ఆసుపత్రి వాళ్లు నిర్ణీత ఫారం మీద సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. ఆ ఫారం ఒకటుందని తెలియక పూర్తి చార్జీ పెట్టుకునేవాళ్లకు ఒక సంఘం చేయగలిగిన మొదటి సాయం ఆ కాగితం ముక్క చేతికి అందించడమే. దానికి పైసా ఖర్చు లేదు.

జకాత్ సొమ్ముతో కాని పనులు

శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లింలు ఒక శాతం కూడా లేరు. పలాస-కాశీబుగ్గ, టెక్కలి, ఇచ్ఛాపురంలో ఉన్నవి చిన్న జమాతులు. హైదరాబాద్‌లో లాగా పెద్ద బైతుల్ మాల్ నడిపే స్థోమత వీటికి లేదు. రంజాన్‌లో వసూలయ్యే జకాత్, ఫిత్రాలే ప్రధాన ఆధారం.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్మును హక్కుదారుడి చేతికి, అతని సొంతమయ్యేలా ఇవ్వాలి. దాంతో ఆఫీసు అద్దె కట్టకూడదు, కంప్యూటర్ కొనకూడదు, ఆడిటర్‌కు ఫీజు ఇవ్వకూడదు. అంటే సంఘం నడవడానికి అయ్యే ఖర్చంతా సదఖా, చందాల నుంచే రావాలి. అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. పైగా కిడ్నీ జబ్బు మతం చూసి రాదు. పక్కింటి మత్స్యకారుడికి, జీడి తోటలో కూలీకి చేసే సాయం కూడా సాధారణంగా సదఖా నుంచే చేయాలని ఎక్కువ మంది ఉలమాలు చెబుతారు.

కాబట్టి సదఖా ఖాతాలో మిగిలే ప్రతి రూపాయీ విలువైనదే. సాఫ్ట్‌వేర్, లెక్కల పని, గది, వాహనం, న్యాయ సలహా ఉచితంగా దొరికితే ఆ డబ్బు రోగి ఆటో చార్జీకి పోతుంది. ఉచిత సేవలు వెతకడాన్ని ఈ కోణంలో చూడాలి. ఫలానా ఖర్చు జకాత్‌లోకి వస్తుందా రాదా అన్న సందేహం వస్తే స్థానిక ముఫ్తీని అడిగి నిర్ణయించుకోవాలి.

కాగితాలు లేకపోతే తలుపు తెరుచుకోదు

పెద్ద కంపెనీలు సేవా సంఘాలకు చాలా వాటిని ఊరికే ఇస్తున్నాయి. గూగుల్ తన ఈమెయిల్, డాక్యుమెంట్ల సేవను అర్హత ఉన్న సంఘాలకు ఉచితంగా ఇస్తోంది. పోస్టర్లు, కరపత్రాలు తయారు చేసుకునే కాన్వా కూడా అంతే. మైక్రోసాఫ్ట్ తక్కువ స్థాయి లైసెన్సులను 300 మంది వరకు ఉచితంగా ఇస్తోంది. అయితే ఇవన్నీ ముందు అడిగేది ఒకటే: మీది నిజంగా లాభాపేక్ష లేని సంస్థేనా? రుజువు చూపించండి.

ఆ రుజువు మెట్లు మెట్లుగా వస్తుంది. మొదటిది సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీలకు 2001 నాటి చట్టం ఉంది. తర్వాత సంస్థ పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఆ తర్వాత నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదు. చివరిగా ఆదాయపు పన్ను శాఖ నుంచి అందరూ 12ఏ, 80జీ అని పిలుచుకునే రిజిస్ట్రేషన్లు. దర్పణ్ నమోదుకు గానీ, ఆదాయపు పన్ను శాఖలో దరఖాస్తుకు గానీ సర్కారు ఫీజు లేదు. దర్పణ్ నంబరు ఇప్పిస్తాం, కంపెనీ ఫండ్ తెప్పిస్తాం, ముందు ఇంత కట్టండి అని ఫోన్ చేసేవాళ్లను నమ్మవద్దు.

మన సంఘాలు ముఖ్యంగా చూసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. సంఘం నిబంధనావళిలో లక్ష్యాలు రాసేటప్పుడు చాలామంది 'ముస్లిం పేదల సంక్షేమం కోసం' అని రాసేస్తారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని నియమం ప్రకారం ఒక మతవర్గం లేదా కులం మేలు కోసమే పెట్టిన ధార్మిక సంస్థకు పన్ను మినహాయింపు రాదు, దాతకు 80జీ లాభమూ రాదు. ఆ ఒక్క వాక్యం వల్ల కంపెనీల నిధుల నుంచి ఉచిత సాఫ్ట్‌వేర్ దాకా చాలా తలుపులు మూసుకుపోవచ్చు. 2014లో దావూదీ బొహ్రా జమాత్ కేసులో సుప్రీంకోర్టు ఇదే అంశాన్ని పరిశీలించింది. మతపరమైన లక్ష్యాలు ఉన్నా, సంస్థ చేసే మేలు ఒక్క వర్గానికే పరిమితం కాకపోతే మినహాయింపును అడ్డుకోకూడదని తీర్పు చెప్పింది. ఉద్దానంలో ఎలాగూ రోగి ఎవరైనా సాయం చేస్తున్నప్పుడు, 'కుల మతాలతో నిమిత్తం లేకుండా' అని కాగితం మీద కూడా రాసుకోవడంలో నష్టం లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, సెక్షన్ల నంబర్లు మారతాయి. అందుచేత దరఖాస్తు పెట్టే ముందు ఆడిటర్‌ను ఒకసారి అడగాలి.

పనికొచ్చేదీ, పేరుకే గొప్పదీ

ఉచితమైనవన్నీ పనికొస్తాయని కాదు. గూగుల్ అర్హత ఉన్న సంఘాలకు నెలకు 10,000 డాలర్ల విలువైన సెర్చ్ ప్రకటనలు ఇస్తుంది. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. కానీ మందసలో పనిచేసే ఐదుగురు సభ్యుల సంఘానికి దాంతో పనేముంది? ఆ రోగులు గూగుల్‌లో వెతికి రారు, ఏఎన్ఎం చెబితేనో పక్కింటివాళ్లు చెబితేనో వస్తారు. దానికంటే ఏ రోగికి ఏ రోజు డయాలసిస్, ఎవరు తీసుకెళ్లాలి అని రాసుకునే ఒక ఉమ్మడి పట్టిక వందరెట్లు మేలు.

ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్నదీ మరిచిపోకూడదు. మైక్రోసాఫ్ట్ సంఘాలకు ఉచితంగా ఇచ్చే 10 ప్రీమియం లైసెన్సులను 2025 జూలై నుంచి నిలిపివేసింది. అందుకే రోగుల వివరాలు, లెక్కలు ఒకే కంపెనీ దగ్గర ఉంచకుండా సొంతంగా ఒక కాపీ దాచుకోవాలి. లిబ్రే ఆఫీస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

వస్తువుల విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కావలసింది తాగునీరు, టార్పాలిన్లు, జనరేటర్లు, చెట్లు కోసే రంపాలు. విపత్తుల్లో తరచూ వచ్చి పడేది మాత్రం పాత బట్టలు. 2004 సునామీ తర్వాత తమిళనాడులో ఎవరికీ అక్కరకు రాని బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. ఢిల్లీ కేంద్రంగా 1999లో మొదలైన గూంజ్ సంస్థ అలాంటి బట్టలను ఏరి, ఊళ్లలో చేసిన పనికి ప్రతిఫలంగా ఇచ్చే పద్ధతిని పెంచింది. ఈ సంస్థ స్థానిక సంఘాల ద్వారానే పనిచేస్తుంది. 'మాకు ఇవి కావాలి, ఇన్ని కావాలి' అని ముందే జాబితా రాసి పెట్టుకున్న సంఘానికే ఇలాంటి భాగస్వామ్యం వల్ల లాభం.

మిషన్లు తీసుకునేటప్పుడు దాన్ని నడిపే ఖర్చు అడగాలి. దాత నీటి శుద్ధి ప్లాంటు పెట్టి ఫొటో దిగి వెళ్లిపోతాడు. మెంబ్రేన్ మార్చేది, కరెంటు బిల్లు కట్టేది ఎవరు? అది తేలకుండా తీసుకుంటే కొన్నాళ్లకు తాళం పడుతుంది.

వికలాంగులకు చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు కొనడానికి చందాలు వసూలు చేయనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద అలిమ్కో సంస్థ తయారు చేసినవి ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగా వస్తాయి. కాలు పోయినవారికి జైపూర్‌లోని భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి ఉచితంగా కృత్రిమ కాలు అమరుస్తోంది. న్యాయ సాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, విపత్తు బాధితులకు ఆదాయంతో పనిలేకుండా లాయర్ ఉచితం.

గల్ఫ్ సొమ్ము, కంపెనీల సొమ్ము

గల్ఫ్‌లో ఉన్న బంధువులు పంపే డబ్బు తీసుకుంటే విదేశీ విరాళాల చట్టం అడ్డు వస్తుందేమోనని చాలా కమిటీలు భయపడతాయి. భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వాళ్లు మన ఊరివాళ్లే అయినా, ఆ చట్టం కింద అనుమతి ఉండాలి. ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రాసుకోవడం మొహమాటపడే విషయం కాదు. అలాగే 2,000 రూపాయలకు మించిన నగదుకు, వస్తువు రూపంలో ఇచ్చినదానికి దాతకు 80జీ మినహాయింపు రాదని ముందే చెప్పాలి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధి మాటకొస్తే, ఏడాదికి 5 కోట్ల లాభం, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 500 కోట్ల నికర విలువ దాటిన కంపెనీలే సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. పలాస జీడిపప్పు కర్మాగారాల్లో ఎక్కువ భాగం ఆ స్థాయివి కావు. వాటిని చట్టం పేరుతో కాకుండా పొరుగువాళ్లుగా అడగాలి. వాహనం, గోదాములో కొంత చోటు, డయాలసిస్ రోజు భోజనం వాటికి భారం కాని సాయాలు. మూలపేట పోర్టు వస్తే టెక్కలి వైపు పెద్ద కంపెనీలు రావచ్చు. చట్టం స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటోంది. అప్పటికి కాగితాలు సిద్ధంగా ఉన్న సంఘానికే అడిగే వీలుంటుంది.

చేతిలో ఉన్నది ముందు

బయట వెతికే ముందు మన దగ్గరే ఖాళీగా ఉన్నదేమిటో చూడాలి. హైదరాబాద్ ఎన్ఎస్ కుంటలోని మస్జిద్-ఎ-ఇస్‌హాఖ్‌లో 2018లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ఆరోగ్య కేంద్రం పెట్టింది. అన్ని మతాలవారూ అక్కడికి వస్తారు. అద్దె సమస్య అలా తీరింది. పలాస, టెక్కలి మస్జిదుల్లో అంత చోటు లేకపోవచ్చు. కానీ వారానికి ఒక రోజు పింఛను, రైలు రాయితీ, ఆసుపత్రి ఫారాలు నింపి పెట్టడానికి ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. రాసిపెట్టేందుకు డిగ్రీ కాలేజీల ఎన్ఎస్ఎస్ విద్యార్థులున్నారు. రెండేళ్లలో 240 గంటల సేవ వాళ్లు ఎలాగూ చేయాల్సిందే.

ఉద్దానంలో ఉచిత సాయానికి కరువు లేదు. అది అవసరం ఉన్న ఇంటి గడప దాకా చేరడం లేదు. ఆ దారి వేయగలిగేది ఊరి సంఘమే. అక్టోబర్ తుపాన్లకు ముందే అవసరాల జాబితా, రంజాన్‌కు ముందే జకాత్, సదఖాలకు వేర్వేరు ఖాతాలు, కంపెనీ తలుపు తట్టకముందే రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం చేసుకున్న సంఘం, చేతిలో తక్కువ డబ్బున్నా ఎక్కువ మందిని ఆదుకోగలుగుతుంది.