కొనేముందు కొలవండి

పాత అంబాసిడర్ పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే నింద ముందు బ్యాటరీ మీదే పడుతుంది. నలుగురూ కలిసి తోస్తే బండి షెడ్డుకు చేరుతుంది, మధ్యాహ్నానికల్లా కొత్త బ్యాటరీ వస్తుంది. నెల తిరక్కుండానే మళ్లీ అదే 'టక్' శబ్దం. ఈసారి సోలనాయిడ్ మారుస్తారు, ఆ తర్వాత ఏకంగా సెల్ఫ్ మోటారే మారుస్తారు. చేతి చమురంతా వదిలాక తేలేదేమిటంటే, ఇంజిన్‌ను ఛాసిస్‌తో కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిపోయిందని.

పాత కార్ల కరెంటు రిపేరంటే చాలా షెడ్లలో ఊహ మీద పార్టులు మార్చడమే అయిపోయింది. ఈ అలవాటు పోవాలి. డబ్బు దండగ సంగతి అటుంచితే, బాగు చేసుకోదగిన అసలు పార్టు పాత ఇనుము కింద తూకానికి వెళ్లిపోతోంది. ఉత్తరపార ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఒకసారి పారేసిన సరుకు మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది?

నిజానికి ఈ బండ్ల స్టార్టింగ్ వ్యవస్థలో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. బ్యాటరీ, లావుపాటి కేబుళ్లు, సోలనాయిడ్, సెల్ఫ్ మోటార్, కరెంటు వెనక్కి చేరడానికి ఎర్త్. అంతే. చిక్కంతా ఆ కేబుళ్లలో పారే కరెంటు పరిమాణంలో ఉంది. హెడ్‌లైటు బల్బుకు నాలుగైదు ఆంపియర్లు చాలు. సెల్ఫ్ తిరగాలంటే 150 ఆంపియర్లో, ఇంకా ఎక్కువో కావాలి. అంత కరెంటు పారే దారిలో ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డు ఉన్నా 3 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. అందుకే లైట్లు వెలిగాయి, హారన్ మోగింది కాబట్టి వైరింగ్ బాగున్నట్టే అనుకోవడం పొరపాటు. పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలిన కేబుల్‌ను మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూసినా బీప్‌మంటుంది. టెస్ట్ ల్యాంపూ వెలుగుతుంది. సెల్ఫ్ మాత్రం కదలదు.

కాబట్టి సెల్ఫ్ కొడుతుండగానే కొలవాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే హైటెన్షన్ వైరు ఊడదీసి ఎర్త్‌కు తగిలించి పెట్టాలి. ఇంజిన్ అంటుకోకుండా ఈ జాగ్రత్త. నిండుగా చార్జ్ అయి, కాసేపు ఊరుకున్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీని అనుమానించవచ్చు. జారకపోతే దాని జోలికి పోవద్దు. తర్వాత ఎర్త్ చేసిన బ్యాటరీ పోల్‌కూ ఇంజిన్ లోహానికీ మధ్య కొలవాలి. మీటరు పిన్ను క్లాంపు మీద కాదు, సీసపు పోల్ మీదే ఆనించాలి. ఎందుకంటే చాలాసార్లు జబ్బు ఆ రెండింటి మధ్య పేరుకున్న తెల్లటి పొడిలోనే ఉంటుంది. అర వోల్టు దాటితే ఎర్త్ దారి చెడినట్టు. అవతలి పోల్ నుంచి సెల్ఫ్ మోటార్ టెర్మినల్ వరకూ ఇలాగే చూడాలి. మూడు కొలతలకూ పది నిమిషాలు చాలు.

ఎర్త్ పట్టీ తెగిన బండి ఒక్కోసారి తన జబ్బు తానే చెబుతుంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, పట్టీ లేకపోతే కరెంటు చోక్ కేబుల్ గుండానో ఆక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి డాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే చోక్ కేబుల్ చురుక్కుమంటుంది. కొన్ని బండ్లలో పైతొడుగు కరిగి పొగ కూడా వస్తుంది. బాడీకి కొత్త రంగు వేయించిన మర్నాటి నుంచే ఈ తంటా మొదలైతే, పట్టీ బిగించే చోట రంగు గీకారో లేదో చూడాలి.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా బండి అంటుకోకపోతే చూపు డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మీదికి మళ్లాలి. కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి ఇంజిన్ తిప్పితే అది ఆరుతూ వెలుగుతూ ఉండాలి. ఆరకుండా వెలుగుతుంటే పాయింట్లు సరిగా కలవడం లేదు. అసలే వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా పాయింట్ల వైపు ఎక్కడో ఎర్త్ అవుతోంది.

యజమానులూ ఒక సంగతి తెలుసుకోవాలి. వారానికోసారి బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే బ్యాటరీకి మేలని చాలామంది నమ్మకం. డైనమో ఉన్న బండికి అది కీడే. ఐడ్లింగ్ వేగంలో డైనమో దాదాపు చార్జ్ చేయదు. సెల్ఫ్ తాగేసిన కరెంటు తిరిగి రావాలంటే బండి రోడ్డెక్కి అరగంటైనా పరుగెత్తాలి.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక వింటేజ్ నంబరు ఇస్తారు. మంచి నిర్ణయం. అయితే ఆ నిబంధన ప్రధానంగా చూసేది ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పుల్నే. డైనమోనూ పాత సెల్ఫ్ మోటార్‌నూ కాపాడుకునే పూచీ యజమానిదే. ఐటీఐల పాత్ర కూడా తక్కువేమీ కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాయింట్లు సెట్ చేస్తూ తల పండిన ఎలక్ట్రీషియన్లను మోటార్ మెకానిక్ కోర్సు పిల్లల ముందుకు తీసుకురావాలి. సెల్ఫ్ కొడుతుండగా వోల్టేజీ ఎలా కొలవాలో వాళ్ల చేతే చేయించి చూపించాలి.

పాత కారున్నవాళ్లు ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు, పార్టు మార్చాలన్న మాట వినగానే తలూపకండి. ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో మీటరు పెట్టి చూపించమనండి. మార్చక తప్పకపోతే, విప్పిన పాత పార్టును తప్పకుండా ఇంటికి తెచ్చుకోండి.