గెలుస్తాడు సరే

అమెరికాలో అధ్యక్షుడు కుర్చీ ఎక్కి ఏడాది తిరగకముందే అతని మీద రెండు ప్రశ్నలు బయలుదేరతాయి. మనిషి చేస్తున్నది సబబేనా అన్నది ఒకటి. మళ్లీ గెలుస్తాడా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చెప్పాలంటే చదవాలి, వినాలి, ఒక్కోసారి సొంత పార్టీవాళ్లతోనే తగువు పడాలి. రెండోదానికి సర్వేవాళ్లు ఇచ్చే అంకె ఒకటి చాలు. అందుకే టీవీ చర్చల్లోనైనా, డల్లాస్‌లో తెలుగువాళ్ల వారాంతపు విందుల్లోనైనా రెండోది మొదలైందంటే మొదటిది మెల్లగా పక్కకు తప్పుకుంటుంది. ఆయన చేసింది తప్పు కదా అని ఒకరంటారు. అయినా ఒహాయోలో ఆయనదే పైచేయి అని ఇంకొకరంటారు. అడిగినదానికి అది జవాబు కాదని అక్కడున్నవాళ్లలో ఎవరికీ తట్టదు. భీమవరం బరి దగ్గర పందెం కాసేవాడికి కోడి సత్తువతో పని గానీ దాని నడవడితో పనేముంది?

పోనీ ఆ రెండో ప్రశ్నకైనా సరైన జవాబు దొరుకుతుందా అంటే, అదీ లేదు. 1948లో ట్రూమన్ ఓడిపోయాడని షికాగో ట్రిబ్యూన్ పెద్ద అక్షరాలతో అచ్చేసింది. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను చేతిలో పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగాడు. గల్ఫ్ యుద్ధం ముగిసిన 1991లో సీనియర్ బుష్‌ను మెచ్చుకున్నవాళ్లు గ్యాలప్ లెక్కలో 89 శాతం. మరుసటి ఏడాది ఎన్నికలో ఆయనకు పడిన ఓట్లు 38 శాతం కూడా లేవు.

నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ ముడివేసిన పెద్దమనిషి అలెగ్జాండర్ హామిల్టన్. 1788లో రాసిన 72వ ఫెడరలిస్ట్ వ్యాసంలో ఆయన వాదన ఇది: మళ్లీ ఎన్నికయ్యే అవకాశం ఉన్నవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు. ఆ ఆశ లేనివాడికి దురాశ గనక ఉంటే, ఉన్న నాలుగు రోజుల్లోనే దండుకోవాలని చూస్తాడు. లోకం తెలిసినవాడి మాటే. తర్వాత ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వరుసగా నాలుగుసార్లు గెలిచేసరికి అమెరికన్లకు బెంగ పట్టుకుని, 1951లో 22వ సవరణతో రెండుసార్లకు మించి ఎన్నిక కారాదని కట్టడి చేసుకున్నారు. మొదటి విడతలో ఉన్నవాడికి మాత్రం హామిల్టన్ చెప్పిన ఆశ అలాగే మిగిలింది. అది మనిషిని ఎక్కడికి తీసుకుపోగలదో 1972లో తెలిసింది.

ఆ ఏడాది జూన్ 17, శనివారం తెల్లవారుజాము. వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో కాపలా కాస్తున్న ఫ్రాంక్ విల్స్ అనే యువకుడు ఒక తలుపు గడియకు టేపు అంటించి ఉండడం చూశాడు. పీకేశాడు. కాసేపాగి వచ్చి చూస్తే మళ్లీ టేపు. పోలీసులకు ఫోన్ చేశాడు. ఆరో అంతస్తులో, డెమోక్రటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలో, ఐదుగురు దొరికారు. వాళ్లలో జేమ్స్ మెకార్డ్ అనే ఆయన ఉద్యోగం రిచర్డ్ నిక్సన్‌ను మళ్లీ గెలిపించడానికి పెట్టిన కమిటీలోనే. ఏ ఆశ మనిషిని తిన్నగా నడిపిస్తుందని హామిల్టన్ అనుకున్నాడో, ఆ ఆశ పేరుతో పెట్టిన దుకాణంలోంచే దొంగలు బయలుదేరారు.

అంత అక్కరేం వచ్చిందో అంతుపట్టదు. ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్లి మావోతో చేయి కలిపి వచ్చాడు. మే నెలలో మాస్కో వెళ్లి అణ్వాయుధాల ఒప్పందాల మీద సంతకం చేశాడు. వియత్నాం నుంచి సైనికులు ఇళ్లకు తిరిగి వస్తున్నారు. వృద్ధుల పింఛను 20 శాతం పెరిగి, ఆ చెక్కులు సరిగ్గా అక్టోబరులో చేతికందాయి. ఎదుటిపక్షం చూస్తే, జార్జ్ మెక్‌గవర్న్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్న థామస్ ఈగిల్టన్‌ను మూడు వారాలు తిరగకుండానే మార్చుకోవలసి వచ్చింది. ఈగిల్టన్ గతంలో మానసిక వైద్యం చేయించుకున్నాడని బయటపడడమే కారణం. ఇలాంటి ప్రత్యర్థి మీద గెలవడానికి ఎవరి గదిలోనూ చెవులు దాచిపెట్టనక్కరలేదు. అధికారంలో ఉన్నవాడి భయానికి లెక్కలతో పని ఉండదు కాబోలు.

జనానికి తెలియక ఓటేశారనడానికీ పూర్తిగా వీల్లేదు. శ్వేతసౌధం ప్రతినిధి దాన్నొక మూడో తరగతి దొంగతనంగా కొట్టిపారేసిన మాట నిజమే. కానీ ఆ దొంగతనం నిక్సన్ మనుషులు ప్రతిపక్షం మీద సాగించిన పెద్ద గూఢచర్యంలో ఒక ముక్క మాత్రమేనని వాషింగ్టన్ పోస్ట్‌లో బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ అక్టోబరు 10న రాశారు. ఇంకా నెల రోజులుంది పోలింగ్‌కు. సీబీఎస్‌లో వాల్టర్ క్రాంకైట్ అదే నెలాఖరులో రెండు రాత్రులు దీని మీదే వార్తలు చదివాడు. రెండో భాగాన్ని శ్వేతసౌధం ఒత్తిడి తర్వాత కుదించారు. మెక్‌గవర్న్ ఊరూరా ఇదే మాట్లాడాడు. నవంబరు 7న 50 రాష్ట్రాల్లో 49 నిక్సన్‌కే దక్కాయి. ఓట్లలో 60 శాతం పైనే. కాదన్నవి మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్, అంతే.

తర్వాత రెండేళ్లకు మసాచుసెట్స్ కార్ల వెనక స్టిక్కర్లు వెలిశాయి: నన్ననకండి, నాది మసాచుసెట్స్ అని. మిగిలిన 49 రాష్ట్రాలను చూసి మనం నవ్వుకోబోతే 1977 మార్చి అడ్డొస్తుంది. ఎమర్జెన్సీ పెట్టిన ఇందిరా గాంధీని ఉత్తరాది రాష్ట్రాలు ఊడ్చిపారేస్తే, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆమె పార్టీకే ఇచ్చింది. జనతా పక్షాన గెలిచింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే. అప్పుడు మన కార్లకు స్టిక్కర్లు అంటించుకోవాలంటే ఆ హక్కు నంద్యాలవాళ్లకే ఉండేది.

ఓటేసినవాళ్లను మూర్ఖులనడం తేలిక. అనబుద్ధి కాదు. కొందరు ఆ కథనాలను నమ్మలేదు. నమ్మినవాళ్లలోనూ మెక్‌గవర్న్ వస్తే ఇంకా చేటని అనుకున్నవాళ్లున్నారు. చైనా యాత్ర నచ్చి, దొంగతనం నచ్చకపోతే ఏం చేయాలి? బ్యాలెట్ మీద గుర్తు ఒకటే పెట్టాలి. సగం గుర్తు పెట్టడానికి ఏ దేశంలోనూ వీలు లేదు. ఓటు మనిషి నడవడి మీద తీర్పు కాదు, ఉన్న ఇద్దరిలో ఒకరిని పట్టుకోవడం. ఆ మాట ఓటరుకు తెలుసు. గెలిచినవాడే మరచిపోయి, తనను 49 రాష్ట్రాలు నిర్దోషి అన్నాయనుకుంటాడు.

ఇక్కడే ఒక చిత్రం జరిగింది. గెలిచాక నిక్సన్‌కు ఎదర ఎన్నికలు లేవు. 22వ సవరణ ఆ తలుపు మూసేసింది. గెలుస్తాడా అన్న ప్రశ్న ఆ రాత్రితో చచ్చిపోయింది. దాంతో దాని నీడలో ఉండిపోయిన మొదటి ప్రశ్నకు ఒక్కసారిగా ఊపిరి వచ్చింది. 1973లో సెనేట్ కమిటీ ముందు సాక్షులు బారులు తీరారు. అధ్యక్షుడికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసిందని అడిగిన హోవర్డ్ బేకర్ నిక్సన్ పార్టీవాడే. శ్వేతసౌధంలో మాటలన్నీ టేపులకెక్కుతున్నాయని ఆ జూలైలో అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ చెప్పాడు. టేపులడిగిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను అక్టోబరులో తీసేయమంటే అటార్నీ జనరల్, ఆయన కింది అధికారి ఇద్దరూ ఆ పని చేయనని తప్పుకున్నారు. టేపులు ఇవ్వాల్సిందేనని 1974 జూలై 24న సుప్రీంకోర్టు ఒకే గొంతుతో చెప్పింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ నిక్సన్ నియమించినవాడు. మూడు రోజులకు ప్రతినిధుల సభ న్యాయ కమిటీ అభిశంసన తొలి అభియోగాన్ని 27–11తో ఆమోదించింది. రిపబ్లికన్లు ఆరుగురు అవునన్నారు. ఇదంతా ఎన్నికకు ముందే జరిగి ఉంటే వాళ్లలో ఎంతమంది నోరు విప్పేవారన్నది అడగక్కరలేదు.

అయితే చివరి ఘట్టంలో లెక్కలు మళ్లీ తల ఎత్తాయి. ఆగస్టు 7న బ్యారీ గోల్డ్‌వాటర్, హ్యూ స్కాట్, జాన్ రోడ్స్ అనే ముగ్గురు రిపబ్లికన్ పెద్దలు నిక్సన్‌ను చూడబోయారు. వాళ్లు ధర్మాధర్మాలు చెప్పడానికి వెళ్లలేదు. సెనేట్‌లో ఆయన పక్షాన నిలిచే ఓట్లు ఎన్ని మిగిలాయో చెప్పడానికి వెళ్లారు. మిగిలినవి ఆయనను కాపాడే పాటివి కావు. మర్నాడు రాత్రి నిక్సన్ టీవీలో కనిపించి తప్పుకుంటున్నానన్నాడు, 9న తప్పుకున్నాడు. నడవడి గురించి రెండేళ్లు తర్కించిన దేశానికి ఆఖరి మాట అంకెల్లోనే చేరిందన్నమాట.

ఆ నడవడి లెక్కలోకి రానివీ ఉన్నాయి. కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించడం కూడా అభియోగమేనని కొందరు ప్రతిపాదిస్తే అదే కమిటీ 26–12తో పక్కన పెట్టింది. తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యం చేస్తున్న చంపుడు చూస్తూ ఊరుకోవడం తగదని ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ 1971 ఏప్రిల్‌లో తంతి పంపితే, ఆయననే అక్కడి నుంచి వెనక్కి పిలిపించారు. దాని మీద అభియోగమూ లేదు, 1972 ఎన్నికలో చెప్పుకోదగ్గ చర్చా లేదు. విశాఖలో పాతకాలంవాళ్లను కదిపితే నిక్సన్ పేరుకు వాటర్‌గేట్ కన్నా ముందు 1971 డిసెంబరులో బంగాళాఖాతంలోకి వచ్చిన అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ గుర్తొస్తుంది. ఎవరి ఇంట్లో దొంగతనం జరిగిందో వాళ్లకే ఆ దొంగతనం పెద్దది.

నిక్సన్ తర్వాత వచ్చిన జెరాల్డ్ ఫోర్డ్ కథ దీనికి తలకిందులు. ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ పన్ను ఎగవేత కేసులో చిక్కి రాజీనామా చేస్తే ఆ ఖాళీలోకి వచ్చి, అక్కడి నుంచి అధ్యక్షుడైనవాడు. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవుల కోసం దేశం మొత్తం మీద ఆయనకు ఓటేసినవాళ్లు అప్పటికి ఒక్కరూ లేరు. జనం మాత్రం ఊపిరి పీల్చుకున్నారు. గ్యాలప్ లెక్కలో 71 శాతం మెచ్చుకున్నారు. నెల తిరగగానే, సెప్టెంబరు 8 ఆదివారం ఉదయం, నిక్సన్‌కు పూర్తి క్షమాభిక్ష ప్రకటించాడు. విచారణ ఏళ్ల తరబడి సాగితే దేశం అందులోంచి బయటపడలేదన్నది ఆయన చెప్పిన కారణం. ఆయన పత్రికా కార్యదర్శి జెరాల్డ్ టెర్‌హార్స్ట్ ఆ రోజే రాజీనామా ఇచ్చాడు. మెప్పు 50 శాతానికి పడిపోయింది. లోపాయికారీ ఒప్పందం ఏమైనా ఉందా అంటే లేదని చెప్పడానికి ఫోర్డ్ స్వయంగా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు కూర్చున్నాడు. అధ్యక్షులు సాధారణంగా చేయని పని అది.

1976లో ఫోర్డ్ ఓడిపోయాడు. ఒహాయోలో తేడా 11 వేల పైచిలుకు ఓట్లు. అక్కడా హవాయిలోనూ కాస్త అటూ ఇటూ అయితే ఆయనే గెలిచేవాడని ఇప్పటికీ లెక్కలు కడతారు. ధరల బాధ ఉంది, తూర్పు యూరప్ సోవియట్ పెత్తనంలో లేదని టీవీ చర్చలో నోరు జారడమూ ఉంది. అయినా ఓటమికి కారణమేమిటని అడిగితే ఎక్కువమంది క్షమాభిక్షనే చూపిస్తారు. 2001లో కెనడీ గ్రంథాలయం వాళ్లు ధైర్యానికిచ్చే పురస్కారం ఫోర్డ్‌కు అదే పనికి ఇచ్చారు. 1974లో దాన్ని తప్పుపట్టిన ఎడ్వర్డ్ కెనడీ ఆ వేదిక మీదే తన అభిప్రాయం మారిందన్నాడు. గెలుపును పోగొట్టిన పనికి పాతికేళ్ల తర్వాత మెచ్చుకోలు దక్కింది. దక్కాల్సిందేనా అంటే, ఈ కాలమ్‌కు పూర్తిగా అవునని చెప్పాలనిపించదు. ఫోర్డ్ మనసు మంచిదే కావచ్చు. బోనెక్కాల్సిన అధ్యక్షుడు ఎక్కకుండా వెళ్లిపోయాడన్నది మాత్రం మిగిలింది.

2024 ఏప్రిల్‌లో ఆ క్షమాభిక్ష సంగతి అమెరికా సుప్రీంకోర్టులో మళ్లీ లేచింది. పదవిలో ఉండగా చేసిన పనులకు డొనాల్డ్ ట్రంప్‌ను విచారించవచ్చా అన్న వాదన నడుస్తుండగా, అధ్యక్షుడికి ఎలాగూ రక్షణ ఉంటే మరి నిక్సన్‌కు ఆ క్షమాభిక్ష దేనికని న్యాయమూర్తి కెటాంజీ బ్రౌన్ జాక్సన్ అడిగారు. అధికార హోదాలో చేసిన పనులకు చాలావరకు రక్షణ ఉంటుందని జూలై 1న 6–3 తీర్పు వచ్చింది. దానికి నాలుగు రోజుల ముందే అట్లాంటాలో ట్రంప్‌తో టీవీ చర్చలో జో బైడెన్ తడబడ్డాడు. అధ్యక్షులందరి నడవడికీ ఇక ముందు హద్దు గీసిన ఆ తీర్పు వెలువడిన వారంలో అక్కడి ఏ టీవీ పెట్టినా, ఇక్కడ మన చానళ్లు తిప్పినా, పండితులు తలలు పట్టుకుని తేలుస్తున్నది పెన్సిల్వేనియాలో బైడెన్ గెలుస్తాడా, గెలవడా అని.