లీకయ్యే ఫోర్క్ మీద అంత ప్రేమ ఎందుకు?

పోయిన నెల ఒక వీడియో కాల్‌లో గంటన్నర కూర్చున్నాను. కొలరాడోలో మాస్టర్స్ చేసేటప్పుడు కలిసి డౌన్‌హిల్ తొక్కిన గ్యాంగ్ మాది, మొత్తం ఐదుగురం. అందులో ఒకడు గరాజ్‌లోంచి ఒక పాత డ్యుయల్ క్రౌన్ ఫోర్క్ తెచ్చి కెమెరా ముందు పెట్టాడు. అంతే, ఉద్యోగాలు, పిల్లలు, ఇంటి లోన్లు అన్నీ పక్కకి పోయాయి. "నా దానికి వారానికోసారి ఆయిల్ కారేది", "నాది పొద్దున చలికి కర్రలా బిగుసుకునేది", "నాది మలుపులో చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఇంకోవైపు". తొంభైల నాటి ఫోర్కుల జబ్బులన్నీ చెప్పుకుని పడీ పడీ నవ్వారు. చివర్లో ఒకడు నిట్టూర్చి, "ఇప్పుడొచ్చే వాటిలో ఆ క్యారెక్టర్ లేదురా" అన్నాడు.

నాకు అక్కడ కాస్త కాలింది. ఈ సైట్‌లో నేను రాసేది ఫోన్ రివ్యూలు. "పాత నోకియాలో ఉన్న మజా ఇప్పుడేదీ" అనే మాట నెలకి పదిసార్లు వింటాను. క్యారెక్టర్ అంటే ఏంటి? పని చెయ్యకపోవడమా?

సైకిల్ ఫోర్క్ గురించి ఈ సైట్‌లో ఎందుకు అంటారా, చదవండి, చివరికి మన ఫోన్ల దగ్గరికే వస్తాం.

ముందు బేసిక్స్. మీ పల్సర్‌కో స్ప్లెండర్‌కో ముందు చక్రానికి రెండువైపులా గొట్టాలుంటాయి కదా, మౌంటెన్ బైక్ ఫోర్క్ కూడా అదే ఐడియా. లోపల రెండు పనులు జరగాలి. రాయి తగిలితే స్ప్రింగ్ నొక్కుకోవాలి. నొక్కుకున్న స్ప్రింగ్ ఒక్కసారిగా ఎగిరి తన్నకుండా, సన్నటి దారిలోంచి పోయే ఆయిల్ దాన్ని నెమ్మదిగా వెనక్కి వదలాలి. ఈ రెండో పనిని డ్యాంపింగ్ అంటారు. స్ప్రింగ్ బాగుండి డ్యాంపింగ్ పోయిందంటే అది ఫోర్క్ కాదు, పిల్లలు గెంతే పోగో స్టిక్. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

అసలు మొదట్లో సస్పెన్షనే లేదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో రిప్యాక్ అనే రేసు మొదలైంది. పాత బరువు సైకిళ్లు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్‌లో గ్రీజు కాలి ఆవిరైపోయేది, మళ్లీ కొత్త గ్రీజు కూరాలి. రిప్యాక్ అనే పేరు వచ్చిందే అందుకు. అంటే ఈ ఆట పుట్టినప్పుడే ఒక లోపం పేరు పెట్టుకుని పుట్టింది.

సస్పెన్షన్‌కి పేరొచ్చింది 1990లో. కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ బైక్‌కి రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 ఉంది. ట్రావెల్, అంటే ఫోర్క్ లోపలికి నొక్కుకునే దూరం, రెండంగుళాలు కూడా లేదు. ఇప్పుడు డౌన్‌హిల్ ఫోర్క్ అంటే ఎనిమిది అంగుళాలు.

ఆ తర్వాత పదేళ్లూ నిజం చెప్పాలంటే జనం డబ్బులిచ్చి బీటా టెస్టింగ్ చేశారు. కొలరాడోకే చెందిన డగ్ బ్రాడ్‌బరీ మానిటూ ఫోర్కుల్లో స్ప్రింగ్‌కి బదులు ఎలాస్టోమర్లు పెట్టాడు. రబ్బరు లాంటి ముక్కలు, ఇడ్లీ రేకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. తేలిక, సింపుల్, లీకయ్యే గొడవ లేదు. చలేస్తే మాత్రం గట్టిపడతాయి. ఎండాకాలం ఒక రివ్యూ, చలికాలం ఇంకో రివ్యూ రాయాలి దానికి! కొన్నేళ్లు పోతే ఆ ముక్కలు బెల్లం పాకంలా జిగటగా తయారయ్యేవి.

తొంభైల మధ్యలో రాక్‌షాక్స్ జూడీ వచ్చింది. పసుపు రంగు జూడీ ఎస్‌ఎల్ అంటే అప్పటి కుర్రాళ్లకి ఇప్పటి ఫ్లాగ్‌షిప్ ఫోనంత మోజు. కానీ లోపలి డ్యాంపింగ్ కార్ట్రిడ్జ్ సీల్ పోయేది. ఎంత తరచుగా పోయేదంటే, దాని బదులు వేసుకోడానికి వేరే వాళ్లు కార్ట్రిడ్జులు తయారుచేసి అమ్ముకునేంత. కొత్త ఫోన్ కొని, వెంటనే బయట వేరే బ్యాటరీ కొనుక్కోవడం లాంటిది.

1997 మోడల్‌గా వచ్చిన మార్జోకి బాంబర్ జెడ్1 కథ మార్చింది. ఇటలీలోని బొలోన్యా కంపెనీ, మోటార్‌సైకిల్ ఫోర్కులు చేసిన చెయ్యి. స్టీల్ స్ప్రింగ్, గొట్టం నిండా ఆయిల్, 100 మి.మీ. ట్రావెల్, కళ్లు చెదిరే నారింజ రంగు. బరువు ఎక్కువే, కానీ పనిచేసింది. ఆ ధైర్యంతో వాళ్లు ఇంకా ముందుకెళ్లారు. మాన్‌స్టర్ టి అని ఒకటి, ఐదు కిలోల దగ్గర బరువు. దాని అన్నయ్య సూపర్ మాన్‌స్టర్‌కి 300 మి.మీ. ట్రావెల్! షివర్ అని ఇంకోటి, తలకిందుల డిజైన్. లావు గొట్టాలు పైన, సన్నవి కింద. రాళ్ల మీద వెన్నలా పోయేది. అయితే కింది రెండు కాళ్లనీ కలిపే వంతెన ఉండదు కాబట్టి మెలి తిరిగేది. హ్యాండిల్ తిప్పాక చక్రం ఒక్క క్షణం ఆలోచించుకుని తిరుగుతుందన్నమాట. అప్పుడు తిట్టుకున్నవాళ్లే ఇప్పుడు దాని ఫొటో చూసి కళ్లు తుడుచుకుంటున్నారు.

ఇప్పుడు నా అభిప్రాయం. మావాళ్లు మిస్సవుతున్నది ఆ లోపాల్ని కాదు. ఆ లోపాల్ని విప్పి చూడగలగడాన్ని.

మా అపార్ట్‌మెంట్‌లో డైనింగ్ టేబులే వర్క్‌షాప్. అలెన్ కీలు, సర్క్లిప్ తీసే ప్లయర్, మందు సీసాతో వచ్చే కొలత కప్పు. ఫోర్క్ అడుగున రెండు బోల్టులు విప్పితే చాలు, నల్లటి ఆయిల్ మొత్తం బయటికొచ్చేది. కొంత గిన్నెలోకి, మిగతాది కార్పెట్ మీదికి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు డిపాజిట్ తిరిగి రాలేదు. అయినా కొత్త ఆయిల్ పోసి, బిగించి, ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి నొక్కితే "స్స్స్" అని వచ్చే చప్పుడు ఉంటుంది చూడండి, అది విన్నవాడికి ఆ ఫోర్క్ సొంతమైనట్టే. ఆయిల్ కాస్త చిక్కటిది పోస్తే ఎలా ఉంటుంది, పల్చటిది పోస్తే ఎలా ఉంటుంది, అన్నీ చేత్తో నేర్చుకున్నాం.

ఇప్పటి సంగతి చూడండి. 2021లో రాక్‌షాక్స్ ఫ్లైట్ అటెండెంట్ అని తెచ్చింది. సెన్సర్లు దారిని చూసి చిన్న మోటారుతో డ్యాంపింగ్ మారుస్తాయి. ఫోర్క్‌కి బ్యాటరీ, యాప్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా. ఒకసారి తొక్కి చూశాను. అద్భుతం, వేరే మాట లేదు. కానీ అది మొరాయిస్తే డైనింగ్ టేబుల్ మీద నేను చేసేదేముంది? జిగురుతో అతికించిన ఫోన్ బ్యాటరీ ముందు కూర్చున్నట్టే కదా. ఇరవై ఏళ్ల తర్వాత దీని గురించి ఎవరు నవ్వుకుంటూ చెప్పుకుంటారు? "ఆ రోజు పెయిరింగ్ అవ్వలేదురా" అనా?

ఇక కంపెనీలకి ఈ బెంగ బాగా తెలుసు. 2017లో నోకియా 3310 మళ్లీ వచ్చింది, 2018లో బాంబర్ జెడ్1 మళ్లీ వచ్చింది. మార్జోకిని 2015లో ఫాక్స్ కొనేసింది కాబట్టి ఈ కొత్త జెడ్1 లోపల ఉన్నది ఫాక్స్ టెక్నాలజీ. మంచి ఫోర్కే. పేరు మాత్రం మన జ్ఞాపకాలకి వేసిన గాలం.

అయితే ఇక్కడివరకూ చదివి నేను కూడా పాత ఫోర్కుల భక్తుడినే అనుకోకండి. విప్పి చూడగలిగిన లోపాలు కొన్నే. అప్పటి చాలా ఫోర్కుల్లో చక్రం ఇరుసు కింద తెరిచి ఉన్న గాడిలో, ఒక క్లిప్పు బిగింపు మీద నిలబడేది. డిస్క్ బ్రేకులు వచ్చాక, బ్రేక్ పట్టిన ప్రతిసారీ ఆ బలం ఇరుసుని గాడిలోంచి బయటికి తోసేది. చప్పుడు లేదు, మరక లేదు. 20 మి.మీ. లావు ఇరుసుని గొట్టంలా చుట్టూ మూసి బిగించడం మొదలుపెట్టాక ఆ భయం పోయింది. ఇలాంటి వాటి గురించి ఏ కాల్‌లోనూ ఎవరూ నవ్వుకోరు, గమనించారా? గాలికొదిలేసిన రేడియో స్టేషన్‌లా జ్ఞాపకం కూడా తనకి నచ్చిన పాటలే వేస్తుంది.

మా రూమ్మేట్ సంగతి చెప్పాలి. గుంటూరువాడు. 2006 వేసవి. అప్పటికే ఫాక్స్ 40 వచ్చేసింది. 40 మి.మీ. గొట్టాలు, 203 మి.మీ. ట్రావెల్, మా బడ్జెట్‌కి షోరూమ్ అద్దంలోంచి చూసేదే. నా దగ్గర ఉన్నది 300 డాలర్లకి కొన్న సెకండ్ హ్యాండ్ బైక్. దాని ఫోర్క్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఎడమ కాలికి ఆయిల్ కారుతోంది. లోపలి గొట్టం చుట్టూ నల్లటి ఉంగరంలా మరక.

స్కీ రిసార్ట్ లిఫ్ట్ ఎక్కుతూ వాడు అన్నాడు: "ఒరేయ్, ఇది కారుతోందిరా."

"ఏం కాదు, అన్నీ కారతాయి. పోనీ" అన్నాను.

రెండో రన్‌లో, ఒక మలుపు ముందు. మన రోడ్ల మీద లారీలు బ్రేకేసే చోట తారు అలలు కడుతుంది కదా, అలాగే అందరూ బ్రేక్ పట్టే చోట మట్టి అలలు కట్టి ఉంటుంది. ఫోర్క్‌లో ఆయిల్ అప్పటికే సగం లేదు. మొదటి అల, రెండో అల, మూడో అలకి ముందు చక్రం తన్నింది. వాడు హ్యాండిల్ మీదుగా వెళ్లిపోయాడు. కాలర్ బోన్, కుడి మణికట్టు. క్యాంపస్ డైనింగ్ హాల్‌లో పని పోయింది. సెమిస్టర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ వాడు చెప్తుంటే నేను టైప్ చేశాను. ఆసుపత్రి బిల్లులో ఇన్సూరెన్స్ పోగా మిగిలింది రెండేళ్లు వాయిదాల్లో కట్టాడు.

పోయిన నెల కాల్‌లో అందరికంటే ఎక్కువ నవ్వింది వాడే. తను ఎగిరి పడిన సీన్ యాక్షన్‌తో సహా చేసి చూపించాడు. "ఆ ఫోర్క్ నన్ను చంపాలని చూసింది" అన్నాడు, ఏదో పాత స్నేహితుడి గురించి చెప్తున్నట్టు. మిగతావాళ్లు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నేను మైక్ మ్యూట్ చేసుకున్నాను.

ఎందుకంటే ఆ ఫోర్క్‌కి కావలసిన సీల్ కిట్ అప్పటికి రెండు వారాలుగా నా డ్రాయర్‌లో ఉంది. కవర్ కూడా చింపలేదు. గంటన్నర పని. ఆ ఫోర్క్ తన జబ్బు తానే మరక పెట్టి చూపించింది. వాడు కూడా చూసి చెప్పాడు. విప్పడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే, ఆ వీకెండ్ బద్ధకించాను. పద్దెనిమిదేళ్లు దాటినా ఈ కిట్ సంగతి వాడికి చెప్పలేదు.

గరాజ్‌లోంచి ఫోర్క్ తెచ్చినవాడు దాన్ని మళ్లీ సెట్ చేసి ఈ వేసవిలో తొక్కుతానంటున్నాడు. సీల్స్ ఎక్కడ దొరుకుతాయో చూసిపెట్టమని నన్నే అడిగాడు. గోడకి తగిలించుకో, తొక్కొద్దు అన్నాను. వాడింకా ఒప్పుకోలేదు. గుంటూరువాడు ఈ సైట్ రోజూ చూస్తాడు, ఈ రాత్రికి ఫోన్ వస్తుంది.